అప్పా, వాటానా? ఆర్థిక సలహాదారు కాదలచిన వారికి పెట్టుబడుల పోలిక

ఫండ్లు అమ్మడానికి, సలహా ఇవ్వడానికి పాస్ కావలసిన ఎన్ఐఎస్ఎం పరీక్షకు చదువుతున్న కుర్రవాళ్లు నా దగ్గరకు వచ్చినప్పుడు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఇప్పుడు ఏ ఫండు మంచిదండీ?" రేపు వాళ్ల ఎదురుగా కూర్చోబోయే కస్టమరు అడిగేది ఇంకొకటి: "చీటీ కంటే ఎక్కువ వస్తుందా?" ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాడంటే నాకు భయం. ఆ డబ్బు ఎవరికి, ఎప్పటికి, ఎందుకు కావాలో ఇంకా ఎవరూ చెప్పనేలేదు కదా!

అందుకే పథకాల పేర్లు వల్లించకుండా, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం. దానికి ముందు నా సంగతి చెప్పాలి. నేను మ్యూచువల్ ఫండ్ పంపిణీదారుని. కమీషన్ మీద బతికేవాడిని. కింద రాసినవి చదివేటప్పుడు ఆ మాట గుర్తుపెట్టుకోండి.

అప్పు ఇస్తున్నామా, వాటా కొంటున్నామా

ఏ పెట్టుబడి కాగితం చేతికి వచ్చినా మొదట తేల్చుకోవలసింది ఇదే. ఫిక్స్‌డ్ డిపాజిట్, బాండు, డిబెంచరు, ట్రెజరీ బిల్లు అన్నీ అప్పులే. మనం అప్పు ఇచ్చినవాళ్లం, బ్యాంకో కంపెనీయో ప్రభుత్వమో తీసుకున్నది. వడ్డీ ఎంతో, అసలు ఎప్పుడు తిరిగి వస్తుందో ముందే రాసి ఉంటుంది. కంపెనీకి ఎంత లాభం వచ్చినా మనకు ఆ వడ్డీకి మించి పైసా రాదు. షేరు కొంటే మనం యజమానులలో ఒకళ్లం. లాభంలో భాగం ఉంటుంది, హామీ మాత్రం ఏదీ ఉండదు. కంపెనీ మూతపడితే అప్పులవాళ్లందరికీ చెల్లించాక ఏమైనా మిగిలితేనే షేరుదారుకు. ప్రిఫరెన్స్ షేరు వాళ్లు ఈ వరుసలో అప్పులవాళ్ల వెనుక, మామూలు షేరుదారుల ముందు నిలబడతారు.

మరి చీటీ? ఇది తెలుగు సలహాదారుకు తప్పని ప్రశ్న, పరీక్ష పుస్తకాల్లో దొరకని ప్రశ్న. ఇరవై మంది, నెలకు 5,000, ఇరవై నెలలు. చీటీ విలువ లక్ష. రెండో నెలలో ఒకాయన 25,000 తగ్గించి పాడాడు. ఆయన చేతికి 75,000 వస్తుంది. ఆ 25,000లో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా, మిగిలిన 20,000 ఇరవై మందికీ తలా 1,000 చొప్పున పంచుతారు. ఆ నెల అందరూ కట్టేది 4,000. ముందు పాడినవాడు అప్పు తీసుకున్నవాడు, చివరిదాకా ఆగినవాడు అప్పు ఇచ్చినవాడు. ఒకే చీటీలో ఒకరికి వడ్డీ వస్తుంది, ఇంకొకరికి వడ్డీ పడుతుంది. కాబట్టి "చీటీ కంటే ఎక్కువ వస్తుందా" అని అడిగినాయనను, "మీరు ఎన్నో నెలలో పాడతారు?" అని తిరిగి అడగండి. మూడో నెలలో పాడి దుకాణంలో సరుకు దించేవాడికి చీటీ ఒక అప్పు సాధనం. ఆయన ముందు సిప్ (నెలనెలా ఫండులో కట్టడం) గురించి ఉపన్యాసం ఇవ్వడం మీ సమయమూ ఆయన సమయమూ వృథా చేయడమే. చివరిదాకా ఆగుతానన్న మనిషితోనే పోలిక మొదలవుతుంది. అప్పుడు కూడా ఆ చీటీ రిజిస్టరు అయినదా, పాడుకుని వెళ్లినవాళ్లు చివరివరకూ కడతారన్న భరోసా ఏమిటి అన్నవే ముందు, రాబడి తర్వాత.

ఒక కంపెనీ కష్టం, ఊరందరి కష్టం

షేర్లలో రిస్కు రెండు రకాలని పుస్తకంలో ఒక పేరా ఉంటుంది. చదివి దాటేస్తాం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు దాన్ని ఒక్క తేదీతో చెప్పవచ్చు: 2009 జనవరి 7. ఖాతాల్లో లేని సొమ్మును ఉన్నట్టు చూపామని సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు లేఖ రాసిన రోజు. ముందు రోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరకు చేరింది. అదే రోజు సెన్సెక్స్ కూడా పడింది, 7 శాతం పైచిలుకు.

ఈ రెండు అంకెల మధ్య తేడాయే పాఠమంతా. సత్యం ఒక్కటే పట్టుకుని కూర్చున్నవాడి సొమ్ము ఒక్క పూటలో నాలుగో వంతుకు దగ్గరగా వచ్చింది. ముప్పై పెద్ద కంపెనీలూ కలిపి పట్టుకున్నవాడికి వందకు 7 రూపాయలు తగ్గాయి, కొంతకాలానికి అవి తిరిగొచ్చాయి. మొదటిది ఆ కంపెనీ రిస్కు, పదిచోట్ల పెడితే తగ్గుతుంది. రెండోది మార్కెట్ రిస్కు, ఎన్ని షేర్లు కొన్నా పోదు. దాన్ని తట్టుకోవడానికి ఉన్న మందు కాలం ఒక్కటే. ఆ కంపెనీలోనే ఉద్యోగం చేస్తూ, దాచుకున్నదంతా ఆ కంపెనీ షేర్లలోనే పెట్టుకునే వాళ్లు మనకు ఇప్పటికీ తారసపడతారు. జీతమూ పొదుపూ ఒకే కొమ్మకు వేలాడుతున్నాయని వాళ్లకు చెప్పవలసింది మీరే.

లార్జ్, మిడ్, స్మాల్ క్యాప్ తేడాకు పెద్ద వివరణ అక్కర్లేదు. 2017లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ గీత గీసేసింది: మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు లార్జ్, 101 నుంచి 250 దాకా మిడ్, ఆ తర్వాతవన్నీ స్మాల్. కిందికి దిగేకొద్దీ ఊపు ఎక్కువ, రెండు వైపులా.

బ్యాంకు డిపాజిట్ పక్కన డెట్ ఫండ్

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, షేర్ల దగ్గర కాదు. డెట్ ఫండ్ అంటే మదుపరుల డబ్బుతో బాండ్లు కొనే ఫండు. రెండూ అప్పులే కదా, డెట్ ఫండ్ విలువ ఎందుకు తగ్గుతుందని కస్టమరు అడిగితే నోట మాట రాదు. ఈ లెక్క ఒకసారి కాగితం మీద చేసి చూడండి.

ముఖవిలువ 100 రూపాయలు, ఏడాదికొకసారి 7 రూపాయల వడ్డీ, పదేళ్ల గడువు. ఇలాంటి బాండు మీ దగ్గర ఉంది. మర్నాడు బజారులో వడ్డీ 8 శాతానికి పెరిగింది. కొత్త బాండు కొంటే 8 వస్తుంటే, ఏడు ఇచ్చే మీ బాండును వందకు ఎవరు తీసుకుంటారు? ధర 93 రూపాయల 29 పైసలకు దిగితేనే కొనేవాడికి గిట్టుబాటు. అదే వడ్డీ 6కు తగ్గిందనుకోండి, మీ బాండు 107 రూపాయల 36 పైసలు పలుకుతుంది. వడ్డీ పైకి వెళితే బాండు ధర కిందికి, వడ్డీ కిందికి వస్తే ధర పైకి. త్రాసు తట్టల్లాగా అన్నమాట.

ఇప్పుడు గడువు మార్చి చూడండి. అదే 7 శాతం బాండుకు ఒక్క ఏడాదే మిగిలి ఉంటే, వడ్డీ 8కి పెరిగినా ధర 99 రూపాయల 7 పైసల వద్ద ఆగుతుంది. ఒకే కుదుపుకు పదేళ్ల బాండు దాదాపు ఏడు రూపాయలు పోగొట్టుకుంటే, ఏడాది బాండు రూపాయి కూడా పోగొట్టుకోలేదు. తక్కువ గడువు అప్పులు కొనే లిక్విడ్ ఫండ్ ఎందుకు నిదానంగా ఉంటుందో, దీర్ఘకాలపు బాండ్లు కొనే లాంగ్ డ్యూరేషన్ ఫండ్ ఎందుకు ఊగుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. కూతురి ఫీజు ఆరు నెలల్లో కట్టాలన్న మనిషిని రెండో దానిలో పెట్టడం సలహాదారు చేయగల పెద్ద తప్పులలో ఒకటి.

బ్యాంకు డిపాజిట్‌లో ఈ ఊగిసలాట కనబడదు, ఎందుకంటే దాన్ని రోజూ ఎవరూ వెలకట్టరు. పైగా ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంది, 2020 ఫిబ్రవరి నుంచి. డెట్ ఫండ్‌కు అలాంటి బీమా లేదు. పన్ను విషయంలో ఒకప్పుడు డెట్ ఫండ్‌కు ఉన్న మొగ్గు కూడా 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్నవాటికి పోయింది. లాభం ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారమే పన్ను పడుతుంది. మిగిలిన చిన్న వెసులుబాటు ఏమిటంటే, డిపాజిట్ వడ్డీ మీద ఏటా పన్ను లెక్కించాలి, ఫండులో అమ్మినప్పుడే.

ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ తన ఆరు డెట్ పథకాలను మూసివేస్తున్నట్టు ప్రకటించినప్పుడు సుమారు 25 వేల కోట్ల రూపాయలు వాటిలో ఉండిపోయాయి. కోర్టుల చుట్టూ తిరిగి, వాటిలోని బాండ్లను ఒక్కొక్కటిగా అమ్ముతూ మదుపరులకు వాయిదాల మీద చెల్లించారు. డబ్బు వచ్చింది. ఆ నెలలో కావలసినవాడికి ఆ నెలలో రాలేదు. పుస్తకంలో లిక్విడిటీ రిస్కు అని ఉండేది ఇదే. డబ్బు పోవడం వేరు, వేళకు చేతికి రాకపోవడం వేరు. ఆసుపత్రి బిల్లు ముందు రెండూ ఒకటే.

నా ఎంపిక అడిగితే: పదవీ విరమణ చేసిన వాళ్లకు, 5 లక్షల లోపు మొత్తాలకు, బ్యాంకు డిపాజిట్‌ను కదిలించమని నేను చెప్పను. 30 శాతం స్లాబులో ఉన్న ఉద్యోగికి మాత్రం ఒక లెక్క చూపిస్తాను. లక్ష మీద 7 శాతం అంటే 7,000 వడ్డీ. సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను, అంటే 2,184 పోతుంది. మిగిలింది 4,816. ధరలు ఏడాదికి 5 శాతం పెరుగుతున్నాయనుకుంటే, నిరుడు లక్షకు వచ్చిన సరుకుకు ఇప్పుడు 1,05,000 కావాలి. చేతిలో ఉన్నది 1,04,816. ఎక్కడా నష్టం కనబడకుండానే 184 రూపాయలు తరిగాయి. పదిహేనేళ్ల తర్వాతి అవసరానికి డబ్బంతా ఇలా ఉంచితే ఏమవుతుందో ఆయనే ఊహించుకుంటాడు.

"ఇరవై కడితే ముప్పై ఆరు"

రాబడిని కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి గానీ, మన ఊళ్లలో చెలామణి అయ్యేది ఒక్కటే: కట్టింది ఎంత, వచ్చింది ఎంత. ఏటా లక్ష చొప్పున ఇరవై ఏళ్లు కడితే చివర 36 లక్షలు ఇస్తామని ఒక పాలసీ. "ఇరవై కడితే ముప్పై ఆరు, 80 శాతం లాభం!" వినడానికి ఎంత బాగుందో. కంప్యూటర్‌లో ఐఆర్ఆర్ (ఎప్పుడెప్పుడు ఎంత కట్టామో చూసి తేల్చే ఏడాది రాబడి) లెక్క వేస్తే ఏడాదికి 5.3 శాతం దగ్గర తేలుతుంది. అబద్ధం ఎక్కడా లేదు, కాలం లెక్కలోకి రాలేదు అంతే. ఆ పాలసీలో బీమా కూడా ఉంది కదా అంటారు. ఉంది. అంత ప్రీమియానికి టర్మ్ పాలసీ (పొదుపు లేని, ఉత్త బీమా) ఎన్ని రెట్ల బీమా ఇస్తుందో పక్కన పెట్టి చూపించండి. ఆ తర్వాత కూడా ఆ ఇంటాయన పాలసీయే కావాలంటే, కట్టించండి. బలవంతంగా కట్టవలసి వస్తేనే పొదుపు చేసే మనుషులు ఉంటారు, వాళ్లకు 5 శాతం కూడా వరమే.

సగటు రాబడి ఇంకో ఉచ్చు. వంద రూపాయలు ఒక ఏడాది 50 శాతం పెరిగి 150 అయింది. మరుసటి ఏడాది 50 శాతం తగ్గి 75కు వచ్చింది. సగటు సున్నా. జేబులో మాత్రం పాతిక తక్కువ. అందుకే ఏకమొత్తానికి సీఏజీఆర్ (ఏటా చక్రవడ్డీ లెక్కన పెరిగిన రేటు), నెలనెలా కట్టే సిప్‌కు ఎక్స్ఐఆర్ఆర్ (తేదీల వారీగా కట్టే ఐఆర్ఆర్) చూడాలి. ఈ రెండూ మొదటి వారంలోనే చేతికి అలవాటు చేసుకోండి.

గ్రోత్, ఐడీసీడబ్ల్యూల మధ్య గందరగోళం దీనికి బంధువే. గ్రోత్‌లో లాభం ఫండులోనే ఉండిపోతుంది, ఐడీసీడబ్ల్యూలో అప్పుడప్పుడు పంచుతారు. ఐడీసీడబ్ల్యూను 2021 ఏప్రిల్ దాకా డివిడెండ్ అనేవారు. ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) 50 ఉన్న ఫండు 5 రూపాయలు పంచితే ఎన్ఏవీ 45 అవుతుంది. కుడి జేబులోది ఎడమ జేబులోకి వచ్చింది, దారిలో పన్ను పడింది. నెలనెలా ఖర్చులకు కావాలంటే గ్రోత్ తీసుకుని, కావలసినంత వెనక్కి తీసుకునే ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకోవడం నయం. పది రూపాయల ఎన్ఏవీకి కొత్త ఫండు వస్తోంది, చవక కదా అనేవాళ్లకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. పది రూపాయల నోట్లు పది తీసుకున్నా, వంద నోటు ఒకటి తీసుకున్నా విలువ ఒకటే.

డైరెక్టా, రెగ్యులరా: నాకు ఇబ్బందికరమైన పోలిక

2013 జనవరి 1 నుంచి ప్రతి మ్యూచువల్ ఫండ్ పథకానికీ డైరెక్ట్ ప్లాన్ ఉంది. ఫండు అదే, షేర్లు అవే, మేనేజరు ఆయనే. రెగ్యులర్ ప్లాన్ ఖర్చులో నాలాంటి వాడి కమీషన్ కలిసి ఉంటుంది, డైరెక్ట్‌లో ఉండదు. తేడా ఒక శాతం అనుకుందాం. నెలకు 10,000 చొప్పున ఇరవై ఏళ్ల సిప్, కట్టేది 24 లక్షలు. ఏటా 12 శాతం పెరిగితే సుమారు 99.9 లక్షలు. 11 శాతమైతే సుమారు 87.4 లక్షలు. ఆ శాతాలు లెక్క కోసం వేసుకున్నవే, మార్కెట్ ఇచ్చిన మాట కాదు. కానీ తేడా చూడండి: పన్నెండున్నర లక్షలు. ఇది నాకు చెల్లించే ధర, కస్టమరుకు ఎప్పుడూ బిల్లుగా కనబడని ధర.

మరి నేను ఏ ముఖం పెట్టుకుని వ్యాపారం చేస్తున్నాను? 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులో 13 శాతం పడింది. ఆ మధ్యాహ్నం నాకు ఫోన్లు ఆగలేదు. అమ్మేయమన్న వాళ్లలో ఎక్కువమందిని ఆపగలిగాను. ఆపలేకపోయిన ఒక మాస్టారు ఆ తర్వాత ఏడాదిపాటు మార్కెట్ పెరుగుతుంటే చూస్తూ ఉండిపోయారు, మళ్లీ లోపలికి రావడానికి ధైర్యం చాలక. చేయి పట్టుకోవడానికి ఒక మనిషి కావలసినవాడికి రెగ్యులర్ ధర చెల్లుతుంది. తనే ఎంచుకుని, పడినప్పుడు కదలకుండా కూర్చోగలిగినవాడికి డైరెక్టే సరైనది. అలాంటివాడు నా దగ్గరకు వస్తే ఆ మాటే చెప్పి పంపిస్తాను. ఏడాదికి ఒకరిద్దరు వస్తారు, అంతకు మించి త్యాగం చేసింది లేదు.

మీరు ఎటు వైపు

పై పోలికలన్నీ కస్టమరు కోసం. ఇది మీ కోసం. బతుకుతెరువుగా మూడు దారులు ఉన్నాయి.

పంపిణీదారు కావాలంటే ఎన్ఐఎస్ఎం సిరీస్ ఐదు-ఏ పరీక్ష. వంద మార్కులకు యాభై వస్తే పాస్, తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఆ తర్వాత ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీ దగ్గర ఏఆర్ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుంటారు. ఆదాయం ట్రెయిల్ కమీషన్. ముందే చేతికందే కమీషన్‌ను సెబీ 2018లో ఆపేసింది కాబట్టి, కస్టమరు డబ్బు ఫండులో ఉన్నంత కాలమే మీకు వస్తుంది. సగటున 0.8 శాతం వస్తుందనుకుంటే, నెలకు 50,000 సంపాదించడానికి మీ చేతి మీదుగా ఏడున్నర కోట్లు ఫండ్లలో ఉండాలి. వంద మంది తలా 5,000 సిప్ కట్టినా ఏడాదికి చేరేది 60 లక్షలే. మొదటి నాలుగైదేళ్లు ఇంట్లో ఇంకో జీతం ఉందా అన్నది తేల్చుకుని దిగండి.

రిజిస్టర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరు దారి వేరు. డిగ్రీ ఉండాలి, సిరీస్ పది-ఏ, పది-బీ రెండూ పాస్ కావాలి. అక్కడ 60 శాతం రావాలి, తప్పులకు కోత ఉంటుంది. సెబీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఆదాయం కస్టమరు ఇచ్చే ఫీజు, సలహా ఇచ్చిన కుటుంబం నుంచి కమీషన్ తీసుకోకూడదు. 2013లో వచ్చిన ఈ నిబంధనలు 2020లో బిగిశాయి, 2024 డిసెంబరు సవరణలతో ప్రవేశం కొంత సులువైంది. లాభనష్టాల లెక్కలో ఇదే శుభ్రమైన దారి. చిక్కల్లా చిన్న పట్టణాల్లో "మాట చెప్పినందుకు డబ్బులా?" అన్న ప్రశ్న. డాక్టరుకు ఇస్తాం, వకీలుకు ఇస్తాం, డబ్బు గురించి చెప్పినవాడికి ఇవ్వం. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు, విదేశాల్లో ఉండి ఇక్కడి ఆస్తులు చూసుకోలేనివారు ఫీజు ఇవ్వడానికి వెనకాడరు. అమెరికాలో ఉన్న వాళ్లకు సలహా ఇచ్చేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. మన మ్యూచువల్ ఫండ్లను అక్కడి పన్ను శాఖ పీఎఫ్ఐసీ (విదేశీ పెట్టుబడి సంస్థలకు వేరే పన్ను లెక్క ఉన్న వర్గం) కింద చూస్తుంది, ఆ లెక్కలు చుక్కలు చూపిస్తాయి. ఊళ్లో తండ్రి ముచ్చటపడి అబ్బాయి పేరిట సిప్ మొదలుపెట్టబోతుంటే, ముందు అబ్బాయికి ఫోన్ చేయించండి.

బీమా ఏజెంటు దారిలో ప్రవేశం అన్నింటికంటే తేలిక, మొదటి ఏడాది కమీషన్ లావుగా ఉంటుంది. ఆ లావే ఇబ్బంది. ఇంటి అద్దె కట్టవలసిన నెలలో, టర్మ్ పాలసీ చాలినవాడికి పొదుపూ బీమా కలిసిన ఎండోమెంట్ చూపించాలన్న ఆశ పుడుతుంది. పుట్టదని ఎవరైనా అంటే నేను నమ్మను.

డిగ్రీ చేతిలో ఉండి, ఆరు నెలలు చదవడానికి వీలున్నవాళ్లు పది-ఏ వైపు వెళ్లండి. పెద్ద ఊళ్లో ఉంటే మరీ మంచిది. ఇప్పటికే నలుగురైదుగురు బంధువులు డబ్బు సంగతి అడుగుతుంటే, చిన్న పట్టణంలో ఉంటే, పంపిణీదారుగా మొదలుపెట్టండి. విజిటింగ్ కార్డు మీద మాత్రం "ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్" అని వేయించకండి. రిజిస్ట్రేషన్ లేనివాడు ఆ మాట వాడకూడదు.

సాధనకు మోడల్ పేపర్లు సరే, ఇంట్లో బీరువా తెరిస్తే అంతకంటే మంచి ప్రశ్నపత్రం దొరుకుతుంది. పాలసీ బాండ్లు, డిపాజిట్ రసీదులు, చీటీ పుస్తకం, ఎప్పుడో కొన్న షేర్లు. ఒక్కొక్కటీ తీసి, అప్పా వాటానా, గడువెంత, ఐఆర్ఆర్ ఎంత, నామినీ ఎవరు అని రాయండి. నేను అలాగే మొదలుపెట్టాను. మా నాన్నగారి పాలసీకి లెక్క కడితే ఏడాదికి 5 శాతం కూడా తేలలేదు. కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, మడిచి నా చేతికిచ్చి, "ఇది మీ మామయ్య కట్టించిందిరా. సంక్రాంతికి వాడు వచ్చినప్పుడు ఈ కాగితం బయటికి తీయకు" అన్నారు.